మాట్లాడకూడని టీచరమ్మ దగ్గర ఇంగ్లీషు

నాకు ఇంగ్లీషు చదవడం నేర్పిన మనిషి గొంతు ఎలా ఉంటుందో, నేర్చుకున్నన్నాళ్లూ నాకు తెలియదు. ఆమెకు క్షయ ఊపిరితిత్తుల నుంచి గొంతుకు పాకింది. గుసగుసగా కూడా ఒక్క మాట పలకకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆ వేసవి అంతా ఆమె నోరు మెదపలేదు. నేను ఆమె దగ్గరే హైస్కూలు ప్రవేశ పరీక్షకు తయారయ్యాను.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. నేను పుంగనూరులో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేదాన్ని. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మమ్మ కూలికి పోయేది. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి అమ్మే. మదనపల్లె దగ్గర ఒక క్షయ ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డులో ఆయాగా పనిచేసేది. నేను చదివే మిషను బడి ఎనిమిదో తరగతితో ఆఖరు. ఆపైన చదవాలంటే మదనపల్లెలో ఆడపిల్లల హైస్కూలు ఉంది, దానికి హాస్టలు ఉంది. మాలాంటి పిల్లలకు అందులో ఉచితంగా సీట్లు ఇచ్చేవారు కానీ అవి బాగా తక్కువ. కలకడ నుంచి, తంబళ్లపల్లె నుంచి, ఇటు పలమనేరు నుంచి పిల్లలు వచ్చి పరీక్ష రాసేవాళ్లు. లెక్కలు, తెలుగు ఒక ఎత్తు, ఇంగ్లీషు ఒక ఎత్తు. పెద్ద టీచరు ఎదుట నిలబడి, ఎన్నడూ చూడని పాఠం గట్టిగా చదవాలి. అందులో మాటలకు అర్థాలు చెప్పాలి.

మా బళ్లో ఇంగ్లీషు పాఠమంటే మాస్టారు ఒక వాక్యం చదివి తెలుగులో చెప్పేవారు, మేమంతా కలిసి రాగం తీసేవాళ్లం. ఒక్కదాన్నే లేచి చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. వేసవి సెలవులకు ముందు ఆయన అమ్మతో చెప్పారు.

"లెక్కల్లో ఫరవాలేదమ్మా. ఇంగ్లీషు రీడింగులోనే దెబ్బతింటుంది. రోజూ గట్టిగా చదివించు."

చదివించమంటే ఎవరు చదివిస్తారు? అమ్మకు బైబిలు కూడబలుక్కుని చదివేంత తెలుగు వచ్చు, అంతే. సెలవుల్లో నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయాలు ఉండే వరస ఇళ్లు వార్డు వెనకనే. ఉదయం పూట అమ్మ డ్యూటీలో ఉంటే, నేను వార్డు పక్కన చింతచెట్టు నీడలో కూర్చుని, అట్ట ఊడిపోయిన రీడరు తీసి గొంతెత్తి చదివేదాన్ని. తప్పో ఒప్పో నాకు తెలియదు, గట్టిగా ఉంటే చాలనుకున్నాను.

ఒకరోజు అలా చదువుతుంటే వరండాలోంచి టక్కుమని చప్పుడైంది. చదవడం ఆపి చూశాను. గాలి తగలాలని రోగుల మంచాలు వరండాలోనే వేసేవారు. ఆ చివరి మంచం మీద శాలువ కప్పుకున్న ఒక ఆవిడ, చెంచాతో ఇనుప మంచం కమ్మీని కొడుతోంది. నీళ్లు కావాలేమో అనుకుని అమ్మను పిలుచుకొచ్చాను.

"ఏం కావాలమ్మా?" అంది అమ్మ.

ఆవిడ తల అడ్డంగా ఊపి, తలగడ పక్కనున్న పలక తీసి ఏదో రాసి చూపించింది. అమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

"నైఫ్... క పలకదు... ఏమిటమ్మా ఇది? ఓయ్ పాపా, నిన్నే గదా అంటాండాది!"

నేను అప్పటిదాకా ఆ కత్తిని 'క్నైఫ్' అని మూడుసార్లు చదివి ఉంటాను. సిగ్గుతో చింతచెట్టు వెనక్కి పోయాను. ఆవిడ మళ్లీ చెంచాతో కొట్టింది. ఈసారి పలక మీద 'చదువు' అని ఉంది.

ఆవిడది కుప్పం. అక్కడ ఒక చిన్న బళ్లో టీచరుగా ఉండి, జబ్బు చేసి ఇక్కడికి వచ్చిందని అమ్మ చెప్పింది. మరుసటి రోజు అమ్మే వార్డు సిస్టరమ్మ దగ్గరికి పోయి, బతిమాలి అనుమతి తెచ్చింది. సిస్టరమ్మ కొన్ని కట్టుబాట్లు పెట్టింది. నేను వరండా ఎక్కకూడదు. కింద క్రోటన్ మొక్కలకు ఇవతలే కూర్చోవాలి. ఆవిడ పలక గానీ, గ్లాసు గానీ ముట్టుకోకూడదు. ఆవిడ ఒక్క మాటైనా మాట్లాడితే ఆ రోజుతో పాఠం బంద్.

"మాట్లాడదులే సిస్టరమ్మా, నేను సూసుకుంటా," అంది అమ్మ.

అలా మొదలైంది. నేను కింద కూర్చుని చదువుతాను. తప్పు చదివితే టక్కుమంటుంది. ఆ మాటను మళ్లీ చదువుతాను. మళ్లీ తప్పైతే మళ్లీ టక్కు. అప్పటికీ రాకపోతే పలక మీద దూరానికి కనిపించేలా పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి పైకెత్తుతుంది. నేను 'ఇస్‌లాండ్' అంటే 'ఐలండ్' అని. 'లిస్టెన్' అంటే 'లిసన్' అని. యుద్ధం వల్ల కాగితం దొరకని రోజులు, నా దగ్గరా పలకే. చూసి రాసుకుని, సాయంత్రం దాకా వల్లెవేసి, మర్నాడు చెరిపేసేదాన్ని. వాక్యం తప్పు లేకుండా పూర్తయితే చప్పుడు ఉండదు. ఆ నిశ్శబ్దం కోసం నేను వాక్యం చివర ఒక్క క్షణం ఆగేదాన్ని. టక్కుమని వినబడకపోతే నా ఒళ్లంతా తేలికయ్యేది.

అర్థాలు చెప్పడం ఆవిడకు మరీ సరదా. 'స్టంబుల్' అన్న మాట వచ్చినప్పుడు మంచం దిగి, వరండాలో రెండడుగులు వేసి, గడపకు కాలు తగిలినట్టు తూలి చూపించింది. సిస్టరమ్మ నిజంగా పడిపోతోందనుకుని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఇంకోరోజు 'రిలక్టెంట్' అంటే ఏమిటని అడిగాను. సరిగ్గా అప్పుడే అమ్మ చేపనూనె తెచ్చింది. ఆవిడ దాన్ని చూసి మొహం తిప్పుకుంది, మళ్లీ చూసింది, కళ్లు మూసుకుంది, చివరికి మెల్లిగా గ్లాసు అందుకుంటూ నావైపు చూసి వేలితో తన మొహాన్నే చూపించింది. అమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"తాగమ్మా తాగు, దినామూ ఉండేదే గదా ఇది," అంది.

చిన్న చిన్న మాటల దగ్గరే చిక్కు వచ్చేది. 'ఆల్‌దో'ను ఎవరు మాత్రం నటించి చూపించగలరు? ఆవిడ కాసేపు ఆలోచించి పలక మీద రాసింది: 'ఎండగా ఉండినా నేను శాలువ కప్పుకొని ఉండాను. ఉండినా అనేదే ఆల్‌దో.' ఆ వాక్యంతో ఆ మాట నాకు పట్టుబడింది. పలక మీద ఆవిడ పుస్తకాల తెలుగు రాసేది కాదు, కుప్పంలో ఇంట్లో ఎలా మాట్లాడేదో అలాగే రాసేది.

పరీక్ష దగ్గరపడుతుండగా ఒక ఉదయం నేను పోయేసరికి ఆ చివరి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా లేదు. అమ్మ కోసం వెతికాను. ఉతికే గుడ్డల మూట మోసుకుంటూ ఎదురొచ్చింది.

"రక్తం పడింది తెల్లారేసరికి. లోపల రూములో పండబెట్టినారు. ఎవురూ పోకూడదు," అంది.

"నావల్లనా అమ్మా?"

"నీవల్ల యాల అవుతుంది? జబ్బు అట్లాంటిది." అమ్మ మూట దించి నా మొహంలోకి చూసింది. "నువ్వింక ఈ పక్కకు రావద్దు. నాకు బయమేస్తాండాది. నీకు సీటు వచ్చినా రాకున్నా, నాకు నువ్వు కావాల."

అమ్మ రోజూ ఆ వార్డులోనే ఉమ్మి గిన్నెలు ఎత్తిపోసేది. తనకోసం భయపడినట్టు ఒక్కసారీ చెప్పలేదు. నాకోసం భయపడుతోందని ఆ రోజు తెలిసింది. అన్నాళ్లూ ఆ భయాన్ని దిగమింగుకుంటూనే నన్ను క్రోటన్ మొక్కల దగ్గర కూర్చోనిచ్చింది. ఆ తర్వాత నేను ఇంటి దగ్గరే కూర్చుని చదువుకున్నాను. వాక్యం అయ్యాక ఆగేదాన్ని. ఏ చప్పుడూ ఉండేది కాదు. చదివింది ఒప్పో కాదో తెలిసేది కాదు, ఆవిడ ఉందో లేదో తలచుకోవాలంటే భయంగా ఉండేది. రాత్రి ప్రార్థనలో అమ్మ ఆవిడ కోసం వేడుకునేటప్పుడు నేను కళ్లు ఇంకా గట్టిగా మూసుకునేదాన్ని.

పరీక్ష రోజు అమ్మ సెలవు పెట్టి నన్ను తీసుకుపోయింది. రాతపరీక్ష బాగానే అయింది. మధ్యాహ్నం ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. తెల్లచీర కట్టుకున్న పెద్ద టీచరు ఒక పుస్తకం తెరిచి ఇచ్చారు. ఓడ మునిగిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి కథ. మొదటి వాక్యం చదివి ఆగాను. రెండోది చదివి ఆగాను.

"ఎందుకమ్మా ప్రతి వాక్యానికీ ఆగుతున్నావు?" అన్నారావిడ.

"తప్పుందేమో అని, మేడమ్."

"తప్పుంటే నేను చెప్తాను. చదువు."

మళ్లీ మొదలుపెట్టాను. నాలుగైదు వాక్యాలు పోయాక ఒక మాట పలికాను, నా చెవికే ఏదో తేడాగా వినిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. నాకు నేనే వెనక్కి పోయి, ఆ మాటను సరిచేసి చదివాను. పెద్ద టీచరు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి ఏదో రాసుకున్నారు.

తర్వాత అర్థాలు. 'స్టంబుల్' అడిగారు. నాకు సంతోషమేసింది. ఠక్కున లేచి, కుర్చీ కాలికి తట్టుకుని తూలినట్టు చేశాను. ఆవిడ నవ్వారు.

"తెలుసు నీకు. సరే, దాన్ని ఇంగ్లీషు మాటల్లో చెప్పు."

నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. ఇంకో మాట అడిగారు. దానికీ చేతులే లేచాయి గానీ మాటలు రాలేదు. అన్నీ తెలుసు, ఒక్కటీ చెప్పలేను. బయటికొచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చాను.

మొదటి లిస్టులో నా పేరు లేదు. పుంగనూరుకు తిరిగొచ్చాను. "పోనీలే, నాతో కాయలు కొయ్యడానికి వద్దువులే," అంది అమ్మమ్మ. నన్ను ఓదార్చడానికే అలా అంది, కానీ నేను వేరుశనగ చేలో నిలబడ్డట్టు అప్పుడే ఊహించుకుని అన్నం మానేశాను. హైస్కూలు తెరిచిన కొన్నాళ్లకు మా మాస్టారు ఇంటికొచ్చి కబురు చెప్పారు. సీటు వచ్చిన ఒక పిల్ల పెళ్లి కుదిరి మానేసిందట, ఆ సీటు నాకు ఇచ్చారు. ఆ పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

హాస్టలులో చేరేముందు అమ్మ దగ్గరికి పోతే, "రా, నీకొకటి సూపిస్తా," అని వార్డు పక్కకు తీసుకుపోయింది. ఆ చివరి మంచం మీద టీచరమ్మ ఉంది. బాగా చిక్కిపోయింది, కళ్లు మాత్రం అవే. నేను సీటు సంగతి చెప్తే చప్పట్లు కొట్టబోయి, సిస్టరమ్మ గుర్తొచ్చి ఆపుకుంది. 'ఏం అడిగిరి?' అని రాసింది. అంతా చెప్పాను, కుర్చీ దగ్గర తూలిన సంగతి కూడా. ఆవిడ నవ్వింది. ఆ తర్వాత పలక తుడిచింది. మళ్లీ రాసింది: 'నోటితో చెప్పించలేదు నీ చేత. నేను చెప్పలేను గదా, అందుకని నీకూ చెప్పే పని పెట్టకపోతిని. మనసులో పెట్టుకోవాకు.'

ఆ మరుసటి ఏడు ఆవిడకు నయమై ఇంటికి పంపారు. వేసవి సెలవుల్లో చూడ్డానికి రమ్మని అమ్మకు కబురు పెట్టింది. అమ్మా నేనూ బొగ్గుతో నడిచే బస్సులో పలమనేరు దాకా పోయి, అక్కడ బస్సు మారి, దుమ్ము కొట్టుకుపోయి కుప్పంలో దిగాం. ఆమె అన్నా వదినా ఉండే ఇల్లు. గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమ్మే, ఇంత పొడుగు అయితివే! దారిలో ఏమన్నా తింటిరా లేదా? రాండి లోపలికి, రాండి!"

అదే నేను మొదటిసారి విన్న ఆమె గొంతు. చాటలో బియ్యం చెరిగినట్టు గరగరమంటోంది. ఆ గొంతుతోనే సంగటి పెడుతూ, ఊరుబిండి పచ్చడి వడ్డిస్తూ, చెప్పిందే మళ్లీ చెప్పకుండా కబుర్ల మీద కబుర్లు చెప్పింది. రైల్వే స్టేషన్లో టీ అమ్మే మనిషి గురించి, సిస్టరమ్మ నడక గురించి, చేపనూనెను ఒకసారి క్రోటన్ మొక్కకు పోసిన సంగతి గురించి. "సాలింక, గొంతు అరగదీసుకుంటాండావు," అని వదిన కసిరినా ఆగలేదు. నేను తినడం మర్చిపోయి చూస్తున్నాను. ఆ వేసవి అంతా నేను ఆమెను నిదానమైన, గంభీరమైన మనిషి అనుకున్నాను. ఇంత మాటకారి అన్ని నెలలు పెదవులు బిగించుకుని ఎలా పడుకుందో! నా చదువు వింటుంటే ఎన్ని మాటలు నాలిక చివరిదాకా వచ్చి ఉంటాయో! అమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు తన బడికి తీసుకుపోయింది. బడికి సెలవులైనా, చిన్నపిల్లలు పొద్దున పూట తన దగ్గరికి వస్తూనే ఉన్నారు. కాసేపు చెప్పేసరికి ఆమె గొంతు పూడుకుపోయింది. నావైపు చూసి పుస్తకం అందించింది. నేను లేచి తెలుగు పాఠం గట్టిగా చదివాను. నా పుంగనూరు యాస విని పిల్లలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు. ఒక పిల్ల సగం అరవం, సగం తెలుగులో "కొత్త టీచరా?" అని అడిగింది. టీచరమ్మ విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. నేను ఎండ ముదిరేదాకా చదివి, అర్థాలు చెప్పి, పిల్లల చేత కూడా నోటితోనే చెప్పించాను.