అమరచింత బస్టాండులో చలివేంద్రం

గద్వాలలో బస్సు దిగి నేను పాఠాలు చెప్పే బడికి నడిచే దారిలో, ఎండలు ముదిరే రోజుల్లో కొత్త కుండలు రాసులుగా పోసి అమ్ముతారు. కొనేవాళ్లు చిల్లులున్నాయేమోనని చెంబెడు నీళ్లు పోసి చూస్తారు. అప్పుడు లేచే తడిమట్టి వాసన అందరికీ హాయిగానే ఉంటుందేమో, నాకు మాత్రం ఆ వాసన తగిలితే అమరచింతలో మా అమ్మ గుర్తొచ్చి, ఆ కుండల ముందు నుంచి గబగబా నడిచి వెళ్లిపోతాను.

మా వాడ ఊరికి ఒక చివర, ప్రార్థన మందిరం వెనక ఉండేది. దసరా దాటగానే సగం ఇళ్లకు తాళాలు పడేవి. మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా మహారాష్ట్ర పనులకు పోయి, వేపపూత రాలే వేళకు నల్లబడిన ముఖాలతో, కట్టెల పొగ వాసన వేసే మూటలతో తిరిగొచ్చేవాళ్లు. నాయన వచ్చిన రోజు మా ఇంట్లో జొన్నరొట్టెల చప్పుడు వీధి దాకా వినిపించేది. చింతచిగురు పప్పు, నూనెలో వేగిన ఎండుమిరపకాయల ఘాటు, నాయన దగ్గూ నవ్వూ కలిసిన గొంతు, ఆయన చుట్టూ చేరి అక్కడి ముచ్చట్లు అడిగే ఇరుగుపొరుగు, వాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరి ఆయన ఒళ్లో కూర్చునే నేను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన రాలేదు. మేస్త్రీ ఒక్కడే వచ్చాడు. కాలువ తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగి పడిందనీ, అక్కడే పూడ్చిపెట్టామనీ చెప్పి, తువ్వాలనూ చెప్పుల జతనూ గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

అమ్మ ఏడవలేదు. శవాన్ని చూడని మనిషికి ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదేమో. మాట మాత్రం మానేసింది. జనం లేని సమయం చూసి బోరింగు దగ్గరికి పోయి నీళ్లు తెచ్చుకునేది. మందిరంలోని ఆడవాళ్లు నెలరోజులు వచ్చి ప్రార్థన చేసి, ఆమె పలక్కపోయేసరికి ఒక్కొక్కరే మానుకున్నారు. “దేవమ్మకు మతి పోయింది” అన్నారు. నా తోటి పిల్లలు కూడా మా వాకిట్లోకి రావడం తగ్గించారు. గడప మీద కూర్చుని నేనొక్కదాన్నే అచ్చనగండ్లు ఆడుకునేదాన్ని. రాళ్లు నేలకు తగిలే చప్పుడు తప్ప మా ఇంట్లో రోజంతా మరో శబ్దం ఉండేది కాదు.

మరుసటి ఎండాకాలం బాలమ్మ వచ్చింది. ఆమెది ఊళ్లో కాపుల ఇల్లు, పిల్లల్లేరు. అంగడి నుంచి ఎండలో నడిచి వస్తూ ఆమె భర్త వడదెబ్బకు దారిలోనే పడిపోయాడు. అప్పటి నుంచి ఏటా ఆమె బస్టాండు దగ్గర తాటాకు పందిరి వేయించి బాటసారులకు నీళ్లు పోసేది.

“దేవమ్మా, ఒక్కదానితోని అయితలేదు. జర వచ్చి నీళ్లు పొయ్యరాదే” అంది. అమ్మ తలెత్తలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు బాలమ్మ మా అరుగు మీదే చతికిలబడింది. “నువ్వు లేచేదాక నేను గీడనే కూసుంట. నాకేం పని లేదు.” కాపుల మనిషి మా వాడలో అరుగు మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఎవరైనా చూస్తారన్న భయంతోనే అమ్మ లేచింది.

బడికి సెలవులు కాబట్టి నేనూ వెంట పోయేదాన్ని. ఇసుక దిబ్బలో పాతిన ఐదు కుండలు, వాటికి చుట్టిన తడి గోనెపట్టాలు, పల్చటి మజ్జిగలో తేలే కరివేపాకు, పందిరి సందుల్లోంచి అమ్మ చేతుల మీద పడే ఎండ చారలు. బస్సు ఆగగానే చీరల మూటలతో మగ్గాల వాళ్లు, చంటిపిల్లలతో తల్లులు, పొలం పనులకు పోయే కూలీలు దోసిళ్లు పట్టేవాళ్లు. మొదట్లో అమ్మ దోసిళ్లను మాత్రమే చూసేది. పదిరోజులకు ముఖాలు చూసింది. ఒకరోజు ఒక ముసలామెను “ఏడికెళ్లి వస్తున్నవ్ అవ్వా?” అని అడిగింది. ఏడాది తర్వాత నేను విన్న అమ్మ గొంతు అది. బొంగురుగా, ఎవరిదో గొంతులా ఉంది.

అందరూ తాగలేదు. ఒకాయన దోసిలి పట్టి, అమ్మది ఏ వాడో అడిగి తెలుసుకుని, చేతులు దులుపుకున్నాడు. బాలమ్మ కుండల వెనక నుంచే గట్టిగా అంది. “తాగితె తాగు, లేకుంటె దూపతోనే పో. గీడ నీళ్లు పోసేది దేవమ్మనే.” అతను దాహంతోనే పోయాడు. అతని వెనక ఇంకో ఇద్దరు పోయారు. ఆ సాయంత్రం అమ్మ మొదటిసారి బాలమ్మను “పటేలమ్మా” అనకుండా “అక్కా” అని పిలిచింది.

ఆ నెలాఖరులో లింగాల వైపు మనిషి ఒకడు బస్సు దిగాడు. వలస పోయి వస్తున్నాడని మూట చెప్పింది. అమ్మ అలవాటుగా ఎక్కడి నుంచని అడిగింది, ఏ కాలువని అడిగింది, ఏ మేస్త్రీ అని అడిగింది. ఆ తర్వాత నాయన పేరు చెప్పింది. అతను దోసిలి దించేశాడు.

“నేను గా గుంపులనే ఉంటినమ్మా. మట్టి తీసేసరికి పానముండె. దూప అన్నడు. నేనే ఉరికిన నీళ్లకు. వచ్చేసరికి…”

అమ్మ చెంబు మళ్లీ ముంచి, “చేతులు పట్టన్నా. కడుపునిండ తాగు” అంది. అతను తాగి అటు నడిచాక ఇసుకలో కూలబడి ఏడ్చింది. బాలమ్మ ఆమె తలను తన ఒళ్లోకి లాక్కుంది. గద్వాల బస్సు కోసం నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు, ఎవరో ఏమిటో తెలియకుండానే, అమ్మ చుట్టూ కూర్చున్నారు. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. వాళ్లు లేవలేదు. తర్వాత చాలా ఏళ్లు వాళ్లలో ఒకామె, ఆ దారిన ఎప్పుడొచ్చినా, దిగి అమ్మను పలకరించి పోయేది.

అమ్మా బాలమ్మా కలిసి ఏడు ఎండాకాలాలు నీళ్లు పోశారు. ఎనిమిదో ఏడు బాలమ్మ మంచాన పడింది. చూడబోయిన అమ్మను ఆమె మరిది కొడుకులు వాకిట్లోనే ఆపారు. “లోపలికెందుకు? మేం చెప్తం తియ్యి” అన్నారు. చెప్పారో లేదో తెలియదు. లోపలి నుంచి బాలమ్మ దగ్గు వినిపిస్తుంటే అమ్మ వీధిలోనే నిలబడి, ఆ దగ్గు ఆగేదాకా ఉండి వచ్చింది. అలా నాలుగుసార్లు పోయింది. ఐదోసారికి పాడె కడుతున్నారు. ఆఖరి చూపుకు కూడా ఎవరూ దారి ఇవ్వలేదు.

మర్నాడు అమ్మ ఒక్కతే పందిరి కిందికి పోయింది. మోకాళ్లు అరిగేదాకా పోతూనే ఉంది. నేను టీచర్ శిక్షణలో ఉండగా కన్నుమూసింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పందిరి జాగా తారు కిందికి పోయింది. ఇప్పుడు ఎవరి సంచిలో వాళ్ల సీసా ఉంది, ఎవరి చెవుల్లో వాళ్ల పాట ఉంది. నేను వనపర్తిలో ఉంటూ రోజూ బస్సులో గద్వాలకు వస్తాను. నాలుగేళ్లుగా ఒకామె పొద్దున నా పక్క సీట్లోనే కూర్చునేది. ఒళ్లో టిఫిను డబ్బా, కిటికీకి ఆనించిన తల. నేను ఫోను చూసుకునేదాన్ని, ఆమె నిద్రపోయేది. ఈ మధ్య మనిషి బాగా చిక్కింది. గత పదిరోజులుగా రావడం లేదు. కండక్టరును అడుగుదామని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చున్నాను. ఆమె పేరు నాకు తెలియదు.