ముడుపు కాదు, మంచు

సరోజా, నిన్న నువ్వు “మీ మనవడూ పెళ్లామూ తిరుపతికి ముడుపు కడుతున్నారట, ఎంత భక్తో!” అన్నావు. సవరించుకో. వాళ్లు చిల్లర దాస్తున్నది కాశ్మీరు వెళ్లి మంచు చూడటానికి. మనవడి భార్య శిరీషది సున్నపు బట్టీల ఊరు పిడుగురాళ్ల. తెల్లగా రాలేవాటిలో సున్నపు దుమ్ము తప్ప మరొకటి చూసి ఎరగదు పాపం.

ఆ చిల్లరను చేతికందిన పసుపు గుడ్డలో మూటగట్టడమే ఆ పిల్ల చేసిన పొరపాటు. మా కోడలు దాన్ని ముడుపనుకుని, బొట్టుపెట్టి దేవుడి గూట్లో పెట్టేసింది. ఈ రోజు టిక్కెట్ల కోసం శిరీష మూట తీయబోతే ఇల్లు అదిరింది.

“ఏమే, స్వామి సొమ్ముతో షికార్లా? కళ్లు పోతయ్యి!” అని కోడలు అరిచింది.

“అది మా చిల్లర, అత్తయ్యా!” అంది శిరీష మూట వదలకుండా.

నేను కలగజేసుకున్నాను. “మొక్కు లేని ముడుపేందే? అది ఉత్త మూట.”

“మొక్కు ఎందుకు లేదూ? వీళ్లకు బిడ్డ పుట్టాలని నేను మొక్కుకున్నాగా!” అంది కోడలు.

ఒకరి చిల్లరకు మరొకరి మొక్కు! “ముందు వాళ్లిద్దర్నీ నాలుగు రోజులు ఎటన్నా పోనియ్యి. నీ మొక్కు దానంతటదే తీరుద్ది” అన్నాను. శిరీష సిగ్గుతో వంటింట్లోకి పరిగెత్తింది.

వాదన గెలిచాను గానీ, ఆ మూట నేనే తీసుకుని ఒళ్లో పెట్టుకుని సాయంత్రం నుంచి కూర్చోలేకా లేవలేకా ఉన్నాను. నువ్వైతే ఏం చేసేదానివో చెప్పు.

సరోజా, రేపు గుడికి వెళ్లినప్పుడు, వేరేవాళ్ల డబ్బు మీద మొక్కుకుంటే చెల్లుతుందా అని పూజారిగారిని అడుగు. చెల్లదంటే మా ఇంటికొచ్చి అందరి ముందూ చెప్పు. చెల్లుతుందంటే నాకొక్కదానికే ఫోన్ చెయ్యి.