అద్దాలు మూసి పద్యం పాడే శేషగిరి బాబాయ్

నిన్న పొద్దున తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. అద్దాల శేషగిరి బాబాయ్ వాళ్ళబ్బాయి. "అక్కా, నాన్న నిద్రలోనే పోయారు" అన్నాడు.

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మొన్నే కదా నాకు వాట్సాప్‌లో పద్యం పాడి పంపారు. అది వింటూ పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆయన తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను.

మాది రేపల్లె. మాకో పొక్లెయిన్ ఉంది. చెరువులు తవ్వుతాం, కాలవల్లో పూడిక తీస్తాం. బండి నడిపేది మా ఆయన, మిగతా తలనొప్పులన్నీ నావి. కేబిన్ డోర్‌కి పక్కకి జరిపే అద్దాలు రెండుంటాయి. మా ఆయన డోర్ వేసే పద్ధతికి అవి ఎక్కువ కాలం బతకవు. శేషగిరి బాబాయ్ మాకు చుట్టమయింది అలాగే.

మొదటిసారి కర్లపాలెం దగ్గర రొయ్యల చెరువు మీద అద్దం పగిలింది. దుమ్ము రాకుండా మా ఆయన పాత ఫ్లెక్సీ ముక్క అడ్డం కట్టి పని చేశాడు. ఆ ఫ్లెక్సీ మీద ఎవరిదో పుట్టినరోజు. ఆ పక్కన ఏముందో కనపడక, చెరువు తవ్వమంటే పక్క చెరువు గట్టు కొరికాడు. ఆ చెరువు వాళ్ళు మా వంశం మొత్తాన్నీ తలుచుకున్నారు.

అప్పుడు తెనాలిలో బళ్ళకి అద్దాలు బిగించే బాబాయ్‌ని పిలిచాను. ముందు రోజు వచ్చి అట్ట మీద కొలత గీసుకెళ్ళారు. ఆ అట్టకి ఒకవైపు ఏదో నాటకం పోస్టరు. మర్నాడు కొత్త అద్దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చారు.

పాత రబ్బరు పీకారు. గాడిలో ఇరుక్కున్న పెంకులన్నీ ఏరారు. కొత్త రబ్బరు కూర్చోబెట్టి, అద్దాన్ని ముందు పై గాడిలోకి ఎత్తి తర్వాత కింది గాడిలోకి దించారు. ఒక్క వేలితో తోస్తే జారింది.

"అయిపోయినట్టేనా బాబాయ్?" అన్నాను.

"అప్పుడేనా? టెస్టింగ్ ఉందమ్మాయ్."

కేబిన్ ఎక్కి, అన్నీ మూసుకుని, నోరు తెరిచారు.

మాకు ఒక్క ముక్క వినపడలేదు. చెయ్యి పైకి లేస్తోంది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. మా ఆయన ఫిట్స్ అనుకున్నాడు. చేతిలో పెడదామని ఇనుప తాళాలగుత్తి పట్టుకుని పరిగెత్తి, డోర్ లాగాడు.

రాగం బయటికి దూకింది. గట్టు మీద కొంగలు ఒక్కటీ మిగల్లేదు.

"తలుపెయ్యవయ్యా" అని కసిరారు బాబాయ్. "పద్యం బయటికి వినపడకపోతే రబ్బరు బాగా కూర్చున్నట్టు. మజ్జలో లాగితే ఎట్టా?"

మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. మా ఆయన తాళాలగుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

టీ తాగుతూ అసలు సంగతి చెప్పారు. వయసులో ఉండగా నాటకాల్లో వేషాలు వేసేవారట. అన్నీ భటుడి వేషాలే. ఈటె పట్టుకుని నిలబడడం, "చిత్తం ప్రభూ" అనడం. ఒక్క పద్యం ఇవ్వమని ఎంత బతిమాలినా ఇవ్వలేదట. ఆ గొంతు పద్యానికి పనికిరాదన్నారట.

జనం ముందు ఒక పద్యం పాడాలి, వన్స్ మోర్ అనిపించుకోవాలి. జీవితంలో ఆయనకున్న కోరిక అదొక్కటే.

చివరికి ఆయనకి దొరికిన స్టేజి, ఎవరికీ వినపడని మా కేబిన్. పాపం కదా అని నేనంటే, "అద్దం వింటోందిగా అమ్మాయ్" అని నవ్వేవారు.

ఇక బాపట్ల సంగతి చెప్పాలి.

కాలవ పూడిక తీస్తున్నాం. మళ్ళీ అద్దం పోయింది, మళ్ళీ బాబాయ్ వచ్చారు. బిగించడం అయ్యాక మామూలుగానే టెస్టింగ్ మొదలుపెట్టారు. పొలం పనికొచ్చిన వాళ్ళు గట్టు మీద అన్నాలు తింటూ చూస్తున్నారు.

"ఆయనేం చేస్తన్నాడమ్మా అందులో?" అని ఒక మామ్మ అడిగింది.

"పద్యం పాడుతున్నారు మామ్మా."

"మరి మాకు ఇనపడొద్దా?"

చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. తిన్నగా వెళ్ళి, బండి మెట్టెక్కి, అద్దం పక్కకి తోసింది.

బాబాయ్ గొంతు ఆగిపోయింది. జనాన్ని చూశారు, నన్ను చూశారు. ఆ ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"కానివ్వు నాయనా, అన్నం చల్లారిపోతంది" అంది మామ్మ, మళ్ళీ కంచం ముందు కూర్చుంటూ.

పాడారు. నిజం చెప్పాలంటే గొంతు బాగాలేదు. పైకి వెళ్ళినప్పుడు చీలింది, కిందికి వచ్చినప్పుడు జీరపోయింది. కానీ రాగం మాత్రం వదల్లేదు, అలా లాగుతూనే ఉన్నారు.

అయిపోయింది.

గట్టు మీంచి ఎవరో అన్నారు, "వన్స్ మోర్."

ఆ తర్వాత అందరూ అందుకున్నారు. మామ్మయితే కంచం మీద చేత్తో కొట్టింది. బాబాయ్ కండువాతో కళ్ళు తుడుచుకుని రెండోసారి పాడారు. మొదటిసారి కంటే ఘోరంగా పాడారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బస్సెక్కేటప్పుడు అన్నారు, "ఇవాళ అద్దం టెస్టింగ్ కాలేదమ్మాయ్. నువ్వే చూసుకో."

ఇన్నాళ్ళూ చూసుకోలేదు. ఆయన చేతి పనిని నేను అనుమానించడమేంటి?

నిన్న సాయంత్రం తెనాలిలో బాబాయ్‌ని సాగనంపి వచ్చి, తిన్నగా బండి ఎక్కాను. అద్దాలు రెండూ మూశాను. ఆయన పద్యం నాకు వచ్చినంత మటుకు, రానంత మటుకు కూడా, గట్టిగా పాడాను.

బయట నిలబడ్డ మా ఆయన ఏంటన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆయనకేమీ వినపడలేదు. మీ అద్దం పాసయింది బాబాయ్.

మీ ప్రాణం హాయిగా ఉండాలి. శాంతి దొరకాలి, నిశ్శబ్దం మాత్రం వద్దు. అక్కడ ఏ అద్దమూ మూసుకోకుండా పాడండి.

మేమంతా గట్టు మీదే కూర్చున్నాం.

వన్స్ మోర్, బాబాయ్.