శంఖుచక్రాల పైపు

మా మామకు ఇద్దరల్లుళ్లం. నేను పెద్దల్లుణ్ణి. అచ్చంపేటలో ముగ్గురం ఒకే కొట్టంలో వడ్రంగం చేసేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో గుడికి గరుడ వాహనం చెక్కే పని మామకు వచ్చింది. ఆయన చూపు అప్పటికే మందగించింది. పని మా ఇద్దరిలో ఒకరికి అప్పజెప్పాలి. స్వామి ఎక్కి ఊరేగే వాహనం నా చేతుల మీదుగా కావాలని రోజూ మొక్కేవాణ్ణి. భజనలో పురాణం చదివేది నేను. తోడల్లుడు వెనక కూర్చొని తాళం కూడా తప్పేవాడు. నాకు కాక ఎవరికిస్తాడులే అనుకున్నాను.

అంతలో అడవుల శాఖ జంగ్లాత్ దొర పొగ తాగే సీమ పైపు విరిగింది. అలాంటిదే కర్రతో చేయమని మామకు చెప్పి పోయాడు.

"ఇద్దరు చెరొకటి చెయ్యుండ్రి," అన్నాడు మామ. "గంత సన్నపని ఎవరి చేతికి వంగుతదో చూస్త. గరుడుణ్ణి వాళ్లకే ఇస్త."

తొందరగా మాడదని ఇద్దరం సండ్ర చెట్టు చేవే తీసుకున్నాం. తోడల్లుడు చుట్ట తాగుతాడు. కాస్త చెక్కేవాడు, పళ్ల మధ్య పెట్టుకునేవాడు, మళ్లీ చెక్కేవాడు. చివరికి అది లేత వంకాయలా తయారైంది. ఒక గీత లేదు, పువ్వు లేదు. అయినా కొట్టానికి వచ్చినవాళ్లందరి చెయ్యీ దాని మీదికే పోయేది. నేనైతే పొగ ముట్టనివాణ్ణి, నోటితో నాకేం పని? పొగాకు కూరే గుండ్రటి బుర్ర మీద శంఖుచక్రాలు, కాడ మీద నామం చెక్కాను. చక్రం ఆకులు కూడా లెక్క తప్పలేదు.

అమావాస్య నాడు మావాళ్లు పనిముట్టు పట్టరు. ఉలులు కడిగి బొట్లు పెట్టి పీట మీద ఉంచుతారు. ఆ రోజు చుట్టుపక్కల వడ్లవాళ్లు మా కొట్టంలో కూర్చొని ఒకరి పనికి ఒకరు మంచీ చెడ్డా చెప్పుకునేవారు. పక్క ఊరి పెద్దాయన ముందు తోడల్లుడి పైపు నోట్లో పెట్టుకున్నాడు.

"పంటి కింద మంచిగ కూసున్నది. అలకగున్నది, బరువే లేదు."

తర్వాత నాది ఎత్తాడు. మూతి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"స్వామిని ఎంగిలి చెయ్యాల్నా బిడ్డా?"

"స్వామి లేని జాగా ఉన్నదా పెద్దయ్యా? స్తంభంల ఉన్నడు, గడ్డిపోచల ఉన్నడు."

"ఉన్నడు. గాడ తనే పోయి ఉన్నడు. నువ్వయితే పట్టుకపోయి దొర మూతి కాడ కూసోబెడితివి. మీదికెళ్లి నిప్పు గూడ పెట్టిస్తున్నవ్."

అందరూ నవ్వారు. తోడల్లుడు మాత్రం నవ్వలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"అన్నా, చేతిపని నాకన్న నీదే మంచిగున్నది. రేపు జర గీకితే పోతది," అన్నాడు.

ఆ పొద్దు ఉలి ముట్టరాదు. దొర సాయంత్రమే వచ్చాడు. మామ నాది చూపించనైనా లేదు. పారేయడానికీ కాల్చడానికీ వీల్లేక, పసుపు గుడ్డలో చుట్టి దేవుని అర్రలో పెట్టాడు.

గరుడ వాహనం తోడల్లుడు చెక్కాడు. దుంగ కోసేటప్పుడు రంపం రెండో కొస నేను పట్టాను.

ఉత్సవం నాడు స్వామి దానిమీద మా వాకిట్లోకి వచ్చాడు. జనమంతా చేతులు జోడించారు. నేను గరుడుని ముక్కు చూశాను, రెక్కల అతుకులు చూశాను, ఎక్కడైనా వంక దొరుకుతుందేమోనని. దొరకలేదు. చూస్తుండగానే మోసేవాళ్లు ముందుకు కదిలారు. స్వామి ముఖం చూడనేలేదని అప్పుడు తెలిసింది.