పలకల మీంచి లేవని రోజు

ఆ రోజుల్లో మా వీధిలో తాళం వేసేది దొంగల కోసం కాదు, చుట్టాల కోసం. ఇంట్లో ఎవరూ లేరు, వచ్చిన దారిన పొండి అని చెప్పడానికి తలుపుకొకటి వేలాడేది. దాని చెవి ఎక్కడుంటుందో వీధి మొత్తానికీ తెలుసు. మార్కాపురం నుంచి పొదిలి పోయే దారిలో ఒక ఊరు మాది (పేరు చెప్పను, ఆ ఊరి స్టేషనుతో మావాళ్లకు ఇంకా పనులు పడుతుంటాయి). మా నాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. గనిలో విరిగిన పలకలు ఎవరు అడిగినా ఉత్తపుణ్యానికే ఇచ్చేవాళ్లు గనుక మా వీధిలో ప్రతి గడప పక్కనా మోకాలెత్తు పలకల బొత్తి ఒకటి ఉండేది. కూర్చోవడానికి అదే, ఒడియాలు ఎండబెట్టడానికి అదే, తాళంచెవి దాచడానికీ అదే. అందరూ పైనుంచి రెండో పలక కింద దాచేవాళ్లు. మొదటి పలక కింద పెడితే దొంగకు ఇట్టే దొరికిపోతుందని మా పెద్దల ముందుచూపు. ఇప్పుడు నాకు ఇనుప గ్రిల్లూ, ఫోనులో కనపడే కెమెరా అన్నీ ఉన్నాయి. అయినా బస్‌స్టాండు దాకా వెళ్లి, తాళం వేశానా లేదా అని వెనక్కి వచ్చి చూసుకుంటాను. ఆ రెండో పలక కాలంలో ఒక్కసారి కూడా అలా వెనక్కి రాలేదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. బీఈడీ అయిపోయి, గిద్దలూరు అవతల ఆడపిల్లల హాస్టలు బడిలో తెలుగు టీచరు పోస్టుకు లిస్టులో పేరొచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగమే గానీ, మా ఇంట్లో నెల జీతం అనే మాట అదే మొదటిసారి వినపడటం. ఇరవై రోజుల్లో, ఫలానా సోమవారం, ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలి, రాకపోతే లిస్టులో తర్వాతి పేరుకు ఇచ్చేస్తాం అని కాగితం వచ్చింది. అప్పటిదాకా నా సర్టిఫికెట్లు బియ్యం డ్రమ్ములో ఉండేవి. నాయన పద్ధతి అది. "బియ్యం కింద ఎవడు చూస్తాడు పాపా, ఆకలైనోడు తప్ప" అనేవాడు. నాకేమో నామోషీ. చదువుకున్నదాన్ని కదా! మా మేనమామ పెళ్లిలో ఎవరో ఇచ్చిన సూట్‌కేసు, నంబర్లు తిప్పే తాళం ఉన్నది, అటక మీద ఉంటే దించాను. సర్టిఫికెట్లను ఫైల్లో పెట్టి, ఫైలును సూట్‌కేసులో పెట్టి, నంబరు తిప్పి, మంచం కింద పెట్టాను. మా ఇంట్లో తాళం వేసిన వస్తువు అదొక్కటే. దొంగకు ఇంతకంటే వివరంగా చీటీ రాసి పెట్టనక్కర్లేదు.

ఆ నెలలో మా వీధిలో అప్పటికే రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఒక ఇంట్లో ఇత్తడి బిందెలు, ఇంకో ఇంట్లో గ్యాసు సిలిండరు పోయాయి. రెండూ ఆదివారం పూటే, వీధంతా ఆరాధనకు పోయినప్పుడే. మా పాస్టరు గారు ప్రసంగం మొదలుపెడితే గడియారానికి లొంగే మనిషి కాదు, ఆ సంగతి దొంగకూ తెలిసినట్టుంది. మూడో ఆదివారం ఆయన మెలకువగా ఉండటం గురించి రెండు గంటలు చెప్పాడు (నాయన అందులో గంటన్నర నిద్రపోయాడు). ఇంటికొచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది, చెవి రెండో పలక కిందే ఉంది, టీవీ, స్టవ్వు, బియ్యం అన్నీ ఉన్నాయి. మంచం కింద సూట్‌కేసు ఒక్కటే లేదు. అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. నాయన బియ్యం డ్రమ్ము వైపు ఒకసారి చూశాడు, అంతే. ఆ చూపు కంటే రెండు తిట్టినా బాగుండేది.

స్టేషనులో ఉన్నది హెడ్డు కానిస్టేబులు. పెద్ద మనిషి, మీసం తెల్లబడింది, ఆయన ముఖం చూస్తే మనకే ఆవులింత వచ్చేది. ఊళ్లో ఆయన్ని 'రేపు సార్' అంటారని నాకు అప్పటికి తెలియదు.

"ఏం పోయింది?"

"సూట్‌కేసు సార్."

"దాంట్లో బంగారం ఉండెనా?"

"లేదు సార్. సర్టిఫికెట్లు."

"డబ్బులు?"

"లేవు సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. "తాళం పగలగొట్టినారా?"

"లేదు సార్. చెవితో తీసి, మళ్లీ తాళం వేసి, చెవి తీసిన చోటే పెట్టి పోయినాడు."

"అంత మర్యాదస్తుడైన దొంగ నా సర్వీసులో నాకు కనపళ్లేదు పాపా. తాళం పగల్లేదు, తలుపు ఇరగలేదు. దొంగతనం ఎట్లయితది? ఇంట్లోనే యాడో పెట్టి మర్చిపోయింటారు. ఎతుక్కోండి. కనపడకపోతే రేపు రాండి."

నాకు కావలసింది దొంగ కాదు. 'వెతికాం, దొరకలేదు' అని పోలీసులు ఒక కాగితం రాసిస్తే, దాంతో డూప్లికేట్లకు పెట్టుకోవచ్చు, గిద్దలూరులో చూపించి గడువైనా అడగవచ్చు. ఆ కాగితం కావాలంటే కేసు రాయాలి. కేసు రాయాలంటే తాళం పగలాలి. ఈ మాట ఇంట్లో చెబితే నాయన చాలాసేపు ఆలోచించి, గని సుత్తి తీసుకుని బయటికి వచ్చాడు. "బీగం పగిలితే రాస్తారంటివి గదా" అని రెండు దెబ్బలు వేశాడు. తాళానికి ఏమీ కాలేదు, నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది. గొళ్ళెం మాత్రం చెక్కతో సహా ఊడి వచ్చింది. నాయన చర్చిలో సంఘ పెద్ద, జీవితంలో అబద్ధం ఆడి ఎరగడు. చెమట తుడుచుకుంటూ నాకు కాగితం మీద రాయవలసింది చెప్పాడు. "అబద్ధం రాయబాకు పాపా. గొళ్ళెం ఊడింది అని రాయి. ఎవరు ఊడబెరికినారని వాళ్లు అడిగితే నేను చెప్తా. అడక్కపోతే మనకెందుకు."

అడగలేదు. కాగితం తీసుకున్నారు. "ఎస్సై గారు బందోబస్తుకు పోయినారు, వచ్చినాక ఇల్లు చూసి కేసు రాస్తాం, రేపు రా" అన్నాడు రేపు సార్. ఆ తర్వాత పదో తరగతి పరీక్షల బందోబస్తు, తిరునాళ్ల బందోబస్తు, ఎవరో మంత్రి ఈ దారిన పోతున్నాడని ఒక బందోబస్తు. మంత్రి పోయాడు, బందోబస్తు పోలేదు. నేను రోజూ పొద్దున్నే గడప పక్కన పలకల మీద కూర్చుని చెప్పుల పట్టీలు బిగించుకుని, రెండు మైళ్లు నడిచి స్టేషనుకు పోవడం, మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ రావడం. ఇంట్లో తలుపుకు గొళ్ళెం లేదు గనుక అమ్మ కూలి మానుకుని కాపలా కూర్చుంది. పోవలసింది పోయాక ఇంటికి కాపలా! తాళంచెవిని మాత్రం అమ్మ కొంగుకు ముడేసుకుంది. వేయడానికి చోటు లేని తాళం, దానికొక చెవి, ఆ చెవికి అంత భద్రం.

స్టేషను బల్ల మీద నాకు తోడు మిషనక్క. ఆమె కుట్టుమిషను ఎవరో ఎత్తుకుపోతే, పోలీసులు దాన్ని పట్టుకున్నారు కూడా. అది అక్కడే వరండా మూల, మెడకు చీటీ కట్టించుకుని నిలబడి ఉండేది. ఆమె వారానికోసారి వచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, వెంట తెచ్చుకున్న బుడ్డిలోంచి రెండు చుక్కలు నూనె వేసి పోయేది.

"దొరికింది గదక్కా, ఇంటికి తీసకపోరాదా?" అన్నాను తెలియక.

"దొరికి నా కొంప ముంచింది పాపా. దొరక్కపోయింటే ఈపాటికి ఎట్లనో ఒకట్ల ఇంకోటి కొనుక్కునేదాన్ని. ఇప్పుడిది కేసు సొత్తంట. కోర్టు చెప్పేదాకా నాకియ్యరంట. రెండేండ్లాయె. దొంగ ఇంట్లో ఉంటే వాని పెండ్లామన్నా కుట్టుకునేది, ఇట్ల తుప్పు పట్టేది కాదు."

నాకప్పుడు నవ్వొచ్చింది. అంతకంటే తెలివి ఉంటే భయం వేసి ఉండేది.

గడువు సోమవారం అనగా, శనివారం నాడు రేపు సార్ మా ఇంటికి వచ్చాడు. ఏప్రిలు ఎండ, పదకొండు దాటింది. బండి దిగుతూనే తలుపు దగ్గరికి వెళ్లి, ఊడిన గొళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండే దెబ్బలు. కొట్టినోడు పనోడే. ఇది రాయి కొట్టే చెయ్యి" అన్నాడు. నాయన ముఖం తెల్లగా పాలిపోయింది. "సార్, అసలు సంగతేందంటే" అని మొదలుపెట్టాడు. అమ్మ ఒక్క అంగలో మధ్యలోకి వచ్చింది. "అసలు సంగతి ఈ ఎండే, అన్నా. పాపం ఎంత దూరం వచ్చినావు. ముందు ఈ మజ్జిగ తాగు."

ఆయన గ్లాసు అందుకుని, "తాళంచెవి యాడ పెడతా ఉండిరి పాపా?" అని అడిగాడు. "ఇక్కడ సార్" అని రెండు పలకలూ కలిపి ఎత్తాను. కింద నీలం రంగు ప్లాస్టిక్ కవరు. దాని లోపల నా ఫైలు. మీద చీమలు మట్టి కూడా పెట్టేశాయి. అంటే వచ్చి చాలా రోజులైందన్నమాట. దొంగ పెట్టె ఉంచుకుని, కాగితాలు తనకు పనికిరావని తెలుసుకుని, తాళంచెవి దొరికిన చోటే తెచ్చి పెట్టి పోయాడు. మేము తెలివి తెచ్చుకుని ఆ బొత్తిలో చెయ్యి పెట్టడం మానేశాం. ఇన్నాళ్లూ వాటి మీదే కూర్చుని చెప్పులు తొడుక్కుని, వాటి కోసం స్టేషనుకు పోతున్నాను.

సంతోషం పట్టలేక కేక వేయబోయాను, నోరు కూడా తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది మిషనక్క. మెడకు చీటీ కట్టించుకున్న కుట్టుమిషను గుర్తొచ్చింది. ఇప్పుడు ఈయన చూస్తే ఇవి దొరికినట్టు. దొరికితే కేసు సొత్తు. నేను వారానికోసారి పోయి నా టెన్త్ మెమో దుమ్ము దులుపుకుని రావాలి. పలకలు ఎక్కడివక్కడ పెట్టేసి, వాటి మీద కూర్చున్నాను.

పొద్దుటి నుంచి ఎండలో మాడిన నల్ల పలకలవి. అట్టు వేస్తే కాలేట్టున్నాయి.

"ఏంది పాపా, కూర్చుంటివి?"

"కళ్లు తిరుగుతున్నాయి సార్."

"లోపల నీడకు పోయి పండుకో."

"వద్దు సార్, ఇక్కడే చల్లగా ఉంది."

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పెద్దాయన నిలబడుకోనుంటే కూర్చుంటావేమే, మర్యాద తెల్వదా?" అంది. నేను లేవలేదు. రేపు సార్ కాగితాల మీద ఏదో రాసి, "వచ్చి ఈడ సంతకం పెట్టు" అన్నాడు. "ఇక్కడికే ఇవ్వండి సార్" అన్నాను, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. ఆయన ఆ నీళ్లు ఉద్యోగం కోసం అనుకున్నాడో ఏమో, తనే వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. నా వైపు చూశాడు, పలకల వైపు చూశాడు, మిగిలిన మజ్జిగ తాగి గ్లాసు అమ్మకిచ్చాడు. "సరే. మిగిలింది రేపు చూద్దాం" అని బండెక్కాడు. ఆ మాట విని సంతోషపడినదాన్ని మా ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బండి మలుపు తిరిగాక లేచి కవరు తీశాను. టెన్త్, ఇంటరు, డిగ్రీ, బీఈడీ, అన్నీ వరసలో ఉన్నాయి. అమ్మ ఏడ్చింది, నవ్వింది, నా వీపు మీద రెండు వేసింది. నాయనకు మాత్రం మనసు ఒప్పలేదు.

"దొరికినాయని స్టేషన్లో చెప్పాల గదా పాపా."

"ఎప్పుడు చెప్పాల నాయనా?"

ఆయన ఊడిన గొళ్ళెం వైపు చూశాడు. "రేపు చెప్దాంలే" అన్నాడు.

సోమవారం పోయాను, ఉద్యోగంలో చేరాను. ఆ తర్వాత ఏడేళ్లు పోలీసు జీపు కనపడితే చాలు, పక్క వీధిలోకి తిరిగేదాన్ని. చివరికి ఒకరోజు స్టేషను నుంచి ఫోను. గుండె చేతబట్టుకుని పోయాను. అదే బల్ల, అదే రేపు సార్, ఇంకో నెలలో రిటైరు అవుతున్నాడట. వరండా మూల ఖాళీగా ఉంది. మిషనక్క మిషను ఎప్పుడో తీసుకుపోయింది, అది కుట్టదు, దాని మీద టీవీ పెట్టుకుంది అని చెప్పాడు. తర్వాత నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. 'ఎంత వెతికినా సర్టిఫికెట్లు దొరకలేదు' అని అచ్చు వేసి, సంతకం, ముద్ర. ఒకప్పుడు నేను కాళ్లరిగేలా తిరిగింది దీని కోసమే. సంతకం పెడుతుంటే అడిగాడు.

"సర్టిఫికెట్లు పోయె గదా. మరి ఉద్యోగం ఎట్ల వచ్చింది పాపా?"

నా సంతకం సగంలో ఆగింది. ఆయన మీసాల్లోనే నవ్వాడు.

"ఆ పొద్దు కవరు కొస బయటికి కనపడతానే ఉండె, నీలంది. నిన్ను లేపితే పంచనామా రాయాల, కోర్టులో పెట్టాల. నీకేమో సోమవారం పోవాల. నాకెందుకు వచ్చిన పని? రేపు చూద్దామనుకున్నా." కాగితం మడిచి నాకిచ్చాడు. "ఆ రేపు ఇదిగో, ఇప్పటికి వచ్చింది."

దండం పెట్టాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

ఇప్పుడు గిద్దలూరులో మా ఇంట్లో ఆ నాలుగు సర్టిఫికెట్లూ, అవి దొరకలేదని పోలీసులు ఇచ్చిన కాగితమూ ఒకే ఫైల్లో ఉన్నాయి. ఫైలు బియ్యం డ్రమ్ములో ఉంది (మీకు చెప్పేశాను, కడుపులో పెట్టుకోండి). ఈ మధ్య మా వీధిలోనూ రెండిళ్లలో పడ్డారు, పోలీసులు ఇంకా రాలేదు. నేను తాళం వేసి, వెనక్కి వచ్చి చూసుకుని, అలసిపోయి ఆటో ఎక్కుతాను. అప్పుడు ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొస్తుంది. పోలీసు శాఖ మొత్తాన్ని ఒక్కదాన్నే బోల్తా కొట్టించానని ఫైలు గుండెకు హత్తుకుని, ఆ సోమవారం పొద్దున బస్సు నిండా సీట్లు ఖాళీగా ఉన్నా, కాలిన చోట కూర్చోలేక, గిద్దలూరు దాకా నిలబడే పోయింది పిచ్చిది.