మధ్యలో ఖాళీ

ఎనభైల్లో, అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో, మా ఆఫీసు సీనియర్ ఒకాయనకి బాతులవేట పిచ్చి. ఒక శనివారం నన్నూ నదికి తీసుకెళ్లారు. నీటి వడి తగ్గిన మలుపులో, అడవిబాతుల్ని రప్పించడానికి చెక్కబాతుల్ని ఏటికి ఎదురుగా తిప్పి వదిలారు.

"మధ్యలో ఖాళీ ఉంచాలోయ్. చోటు కనబడితేనే దిగుతాయి," అంటూ అరచేత్తో ఆ నీటిని తుడిచినట్టు చూపించారు. నిజంగానే బాతులొచ్చి అక్కడే దిగాయి.

మర్నాడు వాళ్లింట్లో భోజనం. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఆయన మరదలి పక్కన ఒక్క కుర్చీ ఖాళీ. అదే అరచెయ్యి ఆ కుర్చీ మీద ఆడించి, "ఇలా కూర్చోవోయ్," అన్నారు.

ఆ మరదలితోనే నా పెళ్లయింది. అదంతా ఆయన వేసిన ఎత్తో, నా భ్రమో ఈనాటికీ తేల్చుకోలేను. "నీకు ముందే తెలుసా?" అని మా ఆవిడని అడిగితే, "పప్పు వేసుకోండి, చల్లారిపోతుంది," అంటుంది.