సంచిలో చేపలు లేవు

ఆ రోజు బస్సులో నేను చెప్పాల్సింది ఒక్క మాట. చెప్పలేదు.

ఒకామె బత్తలపల్లెలో ఎక్కి నా పక్కన కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. కాసేపటికే బస్సంతా చేపల వాసన.

"ఏమమ్మా, ఎండుచేపలు బస్సులో ఎక్కించగూడదని తెలీదా? సంచి విప్పు" అన్నాడు కండక్టర్.

విప్పింది. మగ్గానికి తీసుకెళ్తున్న పట్టు నూలు కండెలు తప్ప అందులో ఏమీ లేవు.

"చేపలు ముట్టనే ముట్టనన్నా. పుట్టుకతో వచ్చిన జబ్బు ఇది. తిన్నది ఒంట్లో సరిగా అరగక చెమటలో ఇట్లా వాసనొస్తాది. డాక్టరు చీటీ ఉండాది, చూడు."

"చీటీ చూపిస్తే కంపు పోతాదేమప్పా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వయినా చెప్పన్నా."

మా చెల్లెలికీ అదే జబ్బు. ఆమె చెప్పేది నిజమని ఆ బస్సులో నాకొక్కడికే తెలుసు. నేను లేచి ముందు సీటుకు వెళ్లి కూర్చున్నాను.

"దిగమ్మా, జనం ఉండలేకపోతాండారు" అన్నాడు కండక్టర్. చెట్టు కూడా లేని చోట, మిట్టమధ్యాహ్నం ఆమె దిగిపోయింది.

నల్లమాడలో చెల్లెలి ఇంటికి వెళ్లడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. నీళ్ల చెంబు అరుగు మీద పెట్టి, మేము నేర్పిన అలవాటు కొద్దీ అది దూరంగా జరిగి నిలబడింది.

"నా కూతురి పెండ్లికి నిన్ను రావద్దన్నది మీ వదిన కాదమ్మీ, నేనే" అన్నాను. "తప్పు నాది. మన్నించు."